వకుళ చెప్పిన మూడు అబద్ధాలు

అనగనగా, కొండలకు ఇవతల, ఏటికి అవతల నాగవల్లిపురం అనే రాజ్యం. దాన్ని ఏలే రాణి సుమేధాదేవికి పసిపిల్లలంటే ప్రాణం. మూడేళ్లు నిండిన ప్రతి బిడ్డా వచ్చి, ఆడుతూ పాడుతూ నేర్చుకోవాలని కోట పక్కనే ఒక బడి కట్టించింది. ఆ బడిలో పంతులమ్మ వకుళ.

వకుళ మంచిదే. పడినవాళ్లను ఎత్తుకునేది, ఏడ్చేవాళ్లకు కథ చెప్పేది. కానీ తన బడి చూసేవాళ్ల కంటికి ముచ్చటగా ఉండాలని ఆమెకు మహా పట్టుదల. పిల్లలంతా ఒకేలా కూర్చోవాలి, ఒకే గొంతుతో పాడాలి.

ఒక ఏడు కొండల మీద వానలు పడలేదు. కొన్ని కుటుంబాలు బతుకుతెరువు కోసం పట్నానికి దిగి వచ్చాయి. వాళ్లలో ఒక తల్లి తన నాలుగేళ్ల కూతురు జిరిమిని బడిలో చేర్చింది. ఇంట్లో వాళ్లది కొండభాష. పట్నం మాటలు పాపకింకా నోటికి పట్టలేదు. ‘వెన్నెల’ అనమంటే ‘బెన్నెల’ అనేది. పిల్లలు పకపకా నవ్వేవారు. వకుళ వాళ్లను వారించలేదు సరికదా, ఒకనాడు తానూ నవ్వింది.

కొన్నాళ్లకు రాణిగారు బడి చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. వకుళ పిల్లలకు ఒక వెన్నెల పాట నేర్పింది. ఆ పాట అందరికన్నా జిరిమికే ఎక్కువ నచ్చింది. ఇంట్లో తల్లి చెవులు గింగురుమనేలా పాడేది.

రాణిగారు వచ్చే రోజున తల్లి పాపకు నున్నగా తల దువ్వి, కనకాంబరాలు తురిమి పంపింది. జిరిమిని చూడగానే వకుళ కంగారుపడింది. ఈ పిల్ల నోరు విప్పిందంటే పాటంతా పాడైపోతుంది! ఇద్దరు ముగ్గురు పిల్లలు వెంట వచ్చి తొంగిచూస్తుండగానే, చెయ్యి పట్టుకుని బడి వెనక ఉన్న కట్టెల గదికి తీసుకెళ్లింది.

“ఇక్కడ కూర్చో తల్లీ. నీ వంతు రాగానే పిలుస్తాను.”

అది మొదటి అబద్ధం.

రాణిగారు వచ్చారు. పాట ఎక్కడా తొణక్కుండా సాగింది. రాణి మురిసిపోయి, “పిల్లలందరూ ఉన్నారా వకుళా?” అని అడిగింది.

“అందరూ ఉన్నారు మహారాణీ.”

అది రెండో అబద్ధం. ముందు వరుస పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

రాణిగారు వెళ్లాకే వకుళ జిరిమిని కట్టెల గదినుంచి బయటికి తెచ్చింది. సాయంత్రం జిరిమి తల్లి వచ్చింది. “మా బిడ్డ పాడినాదా అమ్మా? రాణమ్మ విన్నాదా?”

“ఆఁ... పాడింది. విన్నారు.”

అది మూడో అబద్ధం. తల్లి కూతురి నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. జిరిమి తలెత్తి వకుళను చూసింది. వకుళ మొహం తిప్పేసుకుంది.

మర్నాడు జిరిమి బడికి వచ్చి, ఎక్కడా ఆగకుండా నేరుగా కట్టెల గదికి వెళ్లి కూర్చుంది.

“ఇక్కడికెందుకొచ్చావమ్మా?” అంది వకుళ.

“నా జాగా ఇదే కదా.”

అంతలో బడి లోపలినుంచి ఆట చప్పుడు వినిపించి వకుళ తొంగిచూసింది. పద్మిని అనే పాప మట్టిబొమ్మలను వరసగా పేర్చి బడి ఆట ఆడిస్తోంది. చెయ్యి విరిగిన బొమ్మను మాత్రం తలుపు వెనక పెట్టి, “ఇక్కడ కూర్చో తల్లీ. నీ వంతు రాగానే పిలుస్తాను” అంటోంది. అచ్చం వకుళ గొంతే. ఆ తీపి కూడా అదే.

భూమి చీలి తనను మింగేస్తే బాగుండునని వకుళకు అనిపించింది. తను నేర్పిన పాటకన్నా తను చేసిన పనినే పిల్లలు బాగా నేర్చుకున్నారు.

గబగబా దారిలోకి పరుగెత్తి, పాపను దింపి వెళ్తున్న జిరిమి తల్లిని ఆపింది. “నిన్న పాప పాడలేదమ్మా. నేనే దాచిపెట్టాను. మీతో అబద్ధం చెప్పాను.”

తల్లి మెల్లగా అడిగింది: “మళ్లీ దాస్తారా?”

“దాచను” అంది వకుళ, తల వంచుకుని.

పిల్లలను బడిలో వంట చేసే అమ్మకు అప్పజెప్పి కోటకు వెళ్లింది. జరిగినదంతా రాణికి చెప్పి, క్షమించమని చేతులు జోడించింది.

“నన్నెందుకు అడుగుతున్నావు?” అంది రాణి. “కట్టెల గదిలో కూర్చున్నది నేనా?”

వకుళ సిగ్గుతో కుంచించుకుపోయి బడికి తిరిగి వచ్చింది. పిల్లలందరినీ పిలుచుకుని కట్టెల గదికి వెళ్లి, జిరిమి ఎదుట నేల మీద కూర్చుంది.

“నిన్ను పిలుస్తానని అబద్ధం చెప్పాను తల్లీ. రాణిగారికి కనబడకుండా దాచాను. తప్పు నాది.”

జిరిమి ఆలోచించింది. “నా మాట బాగోదా?”

“బాగుంటుంది. నాకే వినడం చేతకాలేదు.”

వకుళ చెయ్యి చాపింది. జిరిమి ఆ చెయ్యి అందుకోలేదు. వకుళ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

పద్మిని పిల్లలను తోసుకుంటూ ముందుకొచ్చింది. “రా, నా పక్కన చోటుంది.”

జిరిమి లేచి, పద్మిని చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. చాపిన చేతిని మెల్లగా దించుకుని, కళ్లు తుడుచుకుని, వకుళ వాళ్ల వెనకాల నడిచింది.

ఒక్క బిడ్డను బయట కూర్చోబెట్టిన బడిలో, లోపలి బిడ్డలు నేర్చుకునేది కూడా బయటికి నెట్టడమే. అందుకే పాటకన్నా ముందు, పలకకన్నా ముందు, బడిలో ప్రతి బిడ్డకూ చోటుండాలి.