గిజిగాడి పాఠాలు, నక్క గుమ్మం

ఎర్రగుట్ట మీద సెల్ టవరు లేచింది. టవరు లేచాక అడవికి ఫోన్లు రాకుండా ఉంటాయా, వచ్చాయి. ఎవరికి ఎలా వచ్చాయని మాత్రం అడక్కండి. కథల్లో కాకి మాట్లాడితే నమ్మినవాళ్లు, ఉడుత ఫోను పట్టుకుంటే నమ్మలేరా?

గుట్ట కింద ఒక పాడుబడ్డ బావి, దాని మీదికి వంగిన తుమ్మచెట్టు. ఆ చెట్టు మీద గిజిగాడు నారయ్య, అతని భార్య జొన్నమ్మ కాపురం ఉండేవారు. గూడు అల్లడంలో నారయ్యను మించిన పిట్ట ఆ చుట్టుపక్కల లేదు. ఆ సంగతి అందరికన్నా ముందు నారయ్యకే తెలుసు. అయితే నిరుడు జొన్నచేలో గింజలకు వాలినప్పుడు వడిసెల రాయి తగిలి అతని కుడి రెక్క వంకరపోయింది. గూడు అల్లడానికి ముక్కూ కాళ్లూ చాలు. చేలో గింజ తిని బతికి బయటపడాలంటే మాత్రం రెక్క ఉండాలి.

"చేను లేకపోతే పోనీ, విద్య ఉందిగా. దాన్నే అమ్ముకుంటాను" అన్నాడు నారయ్య.

అన్నట్టే ఫోను ఎదురుగా పెట్టుకుని పాఠాలు చెప్పాడు. ఆకు నుంచి పీచు ఎలా చీల్చాలి, మొదటి ముడి ఎక్కడ వేయాలి, గాలివాన వచ్చినా గుడ్డు జారకుండా గూడు ఎలా వేలాడదీయాలి, అన్నీ చూపించాడు. ‘ఊగినా ఊడని గూడు’ అని పేరు పెట్టాడు. మొదటి పాఠం ఊరికే చూడొచ్చు, మిగతావి కొనుక్కోవాలి.

"జొన్నలు అమ్మితే అయిపోతాయి. ఇది ఎందరికి అమ్మినా నా దగ్గరే ఉంటుంది. తరగని గాదె!" అని మురిసిపోయాడు.

"గాదె సరే, గింజలు పుచ్చుకునేది ఎట్లా? నువ్వు అడవంతా తిరిగి వసూలు చేస్తావా ఆ రెక్కతో?" అంది జొన్నమ్మ, గుడ్ల మీంచి కదలకుండానే.

ఆ మాట గాలికి పోయి ఎవరి చెవిన పడాలో వాళ్ల చెవినే పడింది. సాయంత్రానికి నక్క శేషావతారం చెట్టు కింద నిలబడి ఉంది.

"నారయ్య బావా! నీకు విద్య ఉంది, నాకు గుమ్మం ఉంది. కొనేవాళ్లు నా బొరియ దగ్గరికొచ్చి జొన్నలు పోస్తారు. నేను చూసుకుని ఫోనులో తాళం తీస్తాను, పాఠం తెరుచుకుంటుంది. ఐదింట ఒక పాలు నాది. నువ్వు కొమ్మ దిగక్కర్లేదు."

"జొన్నలు నీకెందుకు బావా?"

"ఇంకా పాత కబుర్లేనా? నేను మాంసం మానేశాను బావా. అరగడం లేదు. రెండు పూటలా జొన్నజావే."

నారయ్య నమ్మాడు. తుమ్మముళ్ల మధ్య, నీళ్లమీద వేలాడే గూటికి నక్క ఏనాడూ రాలేదు, రావడం దాని వల్ల కాదు కూడా. కొమ్మ మీంచి చూసేవాడికి నక్క కూడా చిన్నదిగానే కనిపిస్తుంది.

బేరం కుదిరింది. మొదటి పాఠం చూడని జీవి లేదు. పిచ్చుకలు మెచ్చుకున్నాయి, పావురాలు మెచ్చుకున్నాయి, చిలకలైతే ముడి వేసే పద్ధతిని బట్టీ పట్టి అప్పజెప్పాయి. కానీ కొన్నదెవరు? ఒక గాడిద, ఒక గేదె.

"గాడిదకు గూడెందుకయ్యా?" అని జొన్నమ్మ నవ్వింది.

"నా గొంతు వింటుంటే నిద్ర బాగా పడుతోందట."

"బాగుంది. గాడిదకేం తెలుసు గంధపు వాసన అంటారు. నీకు ఆ గాడిదే దిక్కయింది."

శేషావతారం వచ్చినప్పుడల్లా ఒక ఆకుదొన్నెలో పిడికెడు జొన్నలు పెట్టి, పైన బోలెడంత విచారం పోసి వెళ్లేది. "పాఠం కాస్త సాగింది బావా. ధర తగ్గించు. పిట్టలకు నచ్చేలా చెప్పు. పిట్టలు రావాలి బావా, పిట్టలు!"

నారయ్య ధర తగ్గించాడు. మధ్యలో పాట పెట్టాడు. ఇంకా తగ్గించాడు. పిట్ట ఒక్కటి రాలేదు.

నైరుతి మూల మబ్బు పట్టింది. గుడ్లలో కదలిక మొదలైంది.

"పిల్లలు నోళ్లు తెరిచేసరికి ఇంట్లో తిండి ఉండాలి. నేను రేపు చేనుకు పోతాను" అన్నాడు నారయ్య, ఎటో చూస్తూ.

"ఆ రెక్కతోనా?"

"మరి ఏం చేయమంటావు? నా విద్య ఎవరికీ అక్కర్లేదని తేలిపోయిందిగా."

 చేనుకు పోతే అతను తిరిగి రాడని జొన్నమ్మకు తెలుసు. అతనికీ తెలుసు.

అప్పుడే గాలి లేచింది. పక్కన రేగుచెట్టు మీద గువ్వ చిట్టెమ్మ గూడు గడగడలాడింది. గూడంటే ఏముంది, అడ్డంగా నాలుగు పుల్లలు, నిలువుగా నాలుగు పుల్లలు, మధ్యలోంచి ఆకాశం. చిట్టెమ్మ రెక్కలు చాపి ఇటో కాలు అటో కాలు వేసి గుడ్లను కాపాడుకుంటోంది.

నారయ్యకు ఒళ్లు మండింది. ఎగిరి వెళ్లి ఆ కొమ్మ మీద వాలాడు.

"చిట్టెమ్మా, సిగ్గనిపించడం లేదా? పక్కింట్లో పాఠం పెట్టుకుని ఈ పుల్లల మంచం మీద పిల్లల్ని కంటావా? గింజలకు అంత పిసినారితనమా?"

"పిసినారితనమా!" చిట్టెమ్మకు అంతకన్నా మండింది. "ఇదిగో, ఈ తొర్రలో చూడు. నీ పాఠం కోసం దాచిన జొన్నలు. మొదటి పాఠం చూసిన రోజునుంచీ దాస్తున్నాను."

"మరి కొనలేదేం?"

"కొనడానికే బయల్దేరాను అన్నయ్యా. ఫోనులో నొక్కితే, గింజలు నక్క బొరియలో పోయమంది. సరేనని ఎగిరాను. గుమ్మం ముందు ‘లోపలికి రండి’ అని రాసి ఉంది. పక్కనే ఒక కౌజుపిట్ట ఈక పడి ఉంది. వెనక్కి తిరిగి ఎగిరినదాన్ని రేగుచెట్టు దాకా ఆగలేదు."

"అది మాంసం మానేసింది కదా?"

"ఆ మాట ఈకకు చెప్పు."

నారయ్య మెడ తిప్పి నక్క బొరియ వైపు చూశాడు.

"పాఠం బాగాలేదని ఎవరన్నారు నీతో?" చిట్టెమ్మ మెత్తబడింది. "పిచ్చుకల్ని అడుగు, ఉడుతల్ని అడుగు. అందరి దగ్గరా గింజలు మూటకట్టి ఉన్నాయి. గాడిదా గేదే అయితే ధీమాగా వెళ్లొస్తాయి. మేం వెళ్తే గింజలతో పాటు మేమూ జమ!"

నారయ్య ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. జొన్నమ్మ తలకొట్టుకుంది.

"తోడేలును గొర్రెలకు కాపు పెట్టినట్టుంది నీ తెలివి. ‘పిట్టలు రావాలి’ అని అది కలవరించింది జావ కోసమా?"

"రేపే ఆ గుమ్మం మూయించి ఇంకో గుమ్మం చూస్తాను. తాబేలు తాతను అడుగుతాను. నమ్మకస్తుడు."

"మళ్లీ ఒక్కటేనా?" జొన్నమ్మ అతనివైపు తిరిగి కూర్చుంది. "ఏమయ్యా, నన్ను కట్టుకునే ముందు ఎన్ని గూళ్లు మొదలుపెట్టావు? ఈ కొమ్మకొకటి, ఆ కొమ్మకొకటి, అన్నీ సగం సగం. నేనొచ్చి ఒక్కోదాన్నీ లాగి చూసి, నచ్చినదాంట్లో కూర్చున్నాక కదా మిగతా సగం అల్లావు? ఒకే ఒక్కటి అల్లి, ఇష్టమైతే ఉండు లేకపోతే పో అన్నావా?"

"అలా అని ఉంటే నువ్వు పోయేదానివి."

"పోయేదాన్నే. మీ గిజిగాళ్లంతా పుట్టిన దగ్గర్నుంచీ చేసే పనే అది. పెళ్లాం దగ్గర ఉన్న బుద్ధి బేరం దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? ఎవరికి ఏ గుమ్మం నచ్చుతుందో వాళ్లే ఎంచుకుంటారు. నువ్వు కొమ్మకొకటి కట్టు, అంతే!"

మర్నాడు నారయ్య చేనుకు పోలేదు. బావి మెట్ల దగ్గర ఉండే తాబేలు తాత దగ్గరికి పోయాడు.

"నేను ఏం సరుకు పెట్టుకోవాలిరా?" అని అడిగాడు తాత.

"సరుకేం లేదు తాతా. నీళ్లకొచ్చేవాళ్లు గింజలు ఇస్తారు, నువ్వు ఫోనులో తాళం తీయి."

"నిదానంగా తీస్తాను మరి."

"తీస్తే చాలు. కొనేవాళ్లకు ప్రాణభయం లేదు, తొందరా లేదు."

ఎత్తులోనే తిరిగే పిట్టల కోసం వడ్రంగిపిట్ట ఒప్పుకుంది. మద్దిచెట్టుకు తొలిచిన తొర్రల్లో గింజలు వేస్తే అది చూసుకుంటుంది. వాగు అవతలివాళ్లకు రోజూ ఈదుకుంటూ వచ్చే గేదె ఉంది. దాని కొమ్ముకు ఒక చిక్కం కట్టారు. గింజల్లేనివాళ్లు గొంగళిపురుగులు తెచ్చి నేరుగా జొన్నమ్మకే ఇవ్వొచ్చు. గుడ్లు పగిలాక ఆమెకు కావలసినవి అవే.

"ఎగ్గొట్టేవాళ్లు కూడా ఉంటారు" అన్నాడు నారయ్య.

"ఉంటారు. ఎగ్గొట్టినవాడు మళ్లీ కనబడతాడు, వసూలు చేసుకోవచ్చు. నక్క తిన్నవాడు కనబడడు" అంది జొన్నమ్మ.

కబురు తెలిసి శేషావతారం ఆయాసపడుతూ వచ్చింది.

"ఏమిటి బావా ఈ అన్యాయం? నా గుమ్మం మూసేశావట!"

"ఎవరన్నారు బావా? తెరిచే ఉంది. ఫోనులో నీ పేరే అన్నిటికన్నా పైన పెట్టాను. ఇష్టమైనవాళ్లు నీ దగ్గరికే వస్తారు."

నక్క తోక విదిలించి గిరుక్కున తిరిగింది. రోషం కొద్దీ వెళ్లి తాబేలు దగ్గర పొదలో నక్కింది. ఆ పూట పావురాలన్నీ మద్దిచెట్టు దగ్గర గింజలు కట్టాయి. మద్దిచెట్టు కిందికి పరిగెత్తింది. ఉడుతలు తాబేలు దగ్గర కట్టాయి. గేదె వెంటపడబోతే గేదె ఒక్కసారి కొమ్ము తిప్పి చూసింది. ఎందుకొచ్చిన గొడవని వెనక్కి తగ్గింది. ఉన్నది ఒక్క నక్క. ఎన్ని గుమ్మాల దగ్గరని కాపు కాస్తుంది? పరుగులకే సగం చిక్కిపోయింది.

ఇటు నారయ్యకు ఊపిరాడలేదు. పిచ్చుకల గుంపు మొత్తం పాఠాలు కొంది. ఒక ముసలి చిలక తొర్రలో కాపురముంటూ కూడా కొంది, "మనవరాలికి పనికొస్తుంది" అంటూ. చిట్టెమ్మ రెండో పాఠం మూడుసార్లు చూసి, పుల్లల కింద పీచుతో ఒక వల అల్లింది. నారయ్య లెక్కన అది గూడు కాదు, గంప. అయినా ముక్కు మూసుకుని, "గట్టిగానే ఉంది" అన్నాడు. విద్య అమ్మేవాడు నేర్చుకోవలసిన మాట అది.

గుడ్లు పగిలాయి. పిల్లలు నోళ్లు తెరిచాయి. జొన్నమ్మ ముందు గొంగళిపురుగులు, తొర్రల్లో జొన్నలు. చేను ఊసు ఎవరూ ఎత్తలేదు.

తొలకరి చినుకుల్లో తడుస్తూ శేషావతారం చివరిసారి తుమ్మచెట్టు కిందికి వచ్చింది. పక్కటెముకలు బయటికొచ్చాయి గానీ గొంతులో తేనె తగ్గలేదు.

"నారయ్య బావా, మన పాత స్నేహం చూసి చెబుతున్నాను. ఐదో పాలు వద్దు, పదో పాలు వద్దు. ఒక్క గింజ కూడా తీసుకోను, ఊరికే చేసిపెడతాను. ఆ పిట్టల్ని మాత్రం ఒక్కసారి నా గుమ్మానికి పంపు."

నారయ్య గూట్లోంచి తల బయటపెట్టాడు. ఈసారి కొమ్మ మీంచి చూసినా నక్క నక్కంతే కనిపించింది.

"గింజ తీసుకోకుండా నక్క పనిచేస్తానంటే, దాని కూలి ఎవరో తెలియనంత పిచ్చివాణ్ని కాదు బావా. ఇంటికెళ్లి జావ కాచుకో, వాన వస్తోంది."

ఎంత మంచి సరుకైనా, కొనేవాడి కాళ్లు వణికే గుమ్మం దగ్గర వెల అడిగితే అమ్ముడుపోదు.