చివరి సాలు కాపలావాళ్ళు

అనగనగా ఒక రాజ్యం. రాజ్యమన్నాక రాజుండాలి కదా, ఉన్నాడు. కానీ ఈ కథ ఆయనది కాదు. ఆయన తల్లి భోజనమయ్యాక నోట్లో వేసుకునే తమలపాకుది. నిజం చెప్పాలంటే ఆ ఆకును బతికించిన వాళ్ళది. వాళ్ళెవరో ఇప్పుడే చెప్పను. చెప్పినా మీకు కనబడరు.

ఆ రాజ్యంలో ఏటి ఒడ్డున పూలకోన అనే ఊరుంది. ఊరు చుట్టూ ఆకుతోటలే. చెప్పులేసుకుని ఆకుతోటలో అడుగు పెట్టకూడదు, కాళ్ళు కడుక్కునే వెళ్ళాలి. అక్కడ చిన్నాపెద్దా అందరూ పాటించే పద్ధతి అది. తోటలన్నిటిలోనూ మల్లసాని తోట పేరున్నది. ఆవిడ దగ్గర వెన్నాకు అనే జాతి ఉండేది. నమలనక్కరలేదు, ఈనె తగలదు, నోట్లో వేసుకుంటే వెన్నలా కరిగిపోతుంది. లోకంలో ఇంకెక్కడా ఆ ఆకు లేదు.

మల్లసాని తల్లి కన్ను మూసేముందు కూతుర్ని పిలిచి ఒక్కటే కోరింది. బంగారం జాగ్రత్త అనలేదు, ఇల్లు జాగ్రత్త అనలేదు. వెన్నాకు పోనివ్వకు అంది. అప్పటినుంచి మల్లసానికి ఆ తీగలంటే ప్రాణం. ప్రాణంతో పాటు భయం కూడా.

ఆమె భర్త గుండయ్య. మంచివాడే. మాట మెత్తన, మనసు మెత్తన, నడుము మాత్రం పనికి వంగేది కాదు. ఎక్కడ నీడ కనబడితే అక్కడ కునుకు తీసేవాడు. మల్లసాని ఎంత అరిచినా నవ్వి ఊరుకునేవాడు.

ఇలా ఉండగా చుట్టుపక్కల ఊళ్ళలో కుళ్ళుతెగులు పడింది. వాన నీటితో వస్తుంది, తీగ మొదలు పట్టుకుంటుంది. మొదలు నల్లబడుతుంది, ఆకులు పసుపెక్కుతాయి, తీగ కాస్తా నేలకు వాలిపోతుంది. ఆ ఏడే మల్లసాని తోటలో తీగలు ముదిరిపోయాయి. ముక్కలు కోసి కొత్తగా నాటక తప్పదు. ఆ ముక్కలకు తెగులు తగిలితే వెన్నాకు జాతే ఉండదు. ఆవిడకు తిండి సహించలేదు.

ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. తెగులు మురికిలోంచి పుడుతుంది కాబట్టి మట్టిలో మురికన్నదే లేకుండా చేయాలి. వంటింట్లో గిన్నె తోమినట్టు నేలను తోమాలి.

నాటబోయే పొలం చెక్క ఆమె తల్లి ఏళ్ళతరబడి పశువుల ఎరువు, ఎండుటాకులు వేసి పెంచిన నేల. మల్లసాని మొదట ఆ పాత ఎరువంతా తవ్వి పారబోయించింది. చివరి సాలు గుండయ్యకు అప్పగించింది. గుండయ్య పైపైన నాలుగు గీతలు గీసి వచ్చాడు.

"ఏమయ్యా, అయిందా?"

"అయిందే," అన్నాడు గుండయ్య.

తర్వాత కాగులతో నీళ్ళు మరగబెట్టి సాళ్ళలో పోసింది. చివరి సాలుకు పోయమని గుండయ్యకు ఒక కాగు ఇచ్చింది. గుండయ్య ఆ నీళ్ళు చన్నీళ్ళతో తొలిపి హాయిగా తలంటుకున్నాడు.

"అయిందా?"

"అయిందే."

అప్పటికీ మనసు నిలవక నేలమీద గడ్డి పరిచి నిప్పు పెట్టింది. నల్లగా మాడేదాకా కాల్చింది. చివరి సాలుకు ఇచ్చిన గడ్డి మీద గుండయ్య పడుకుని ఒక నిద్ర తీశాడు. లేచి, గడ్డి తీసేసి, పక్క సాళ్ళలోంచి గుప్పెళ్ళతో బూడిద తెచ్చి పైన చల్లాడు. చూసేవాళ్ళకు అన్ని సాళ్ళూ ఒకలాగే ఉన్నాయి.

"అయిందా?"

"అయిందే," అన్నాడు ఆవలిస్తూ.

అవిశ మొక్కలు ఎదిగాక వాటి పక్కన వెన్నాకు ముక్కలు నాటారు. తీగలు అవిశలను చుట్టుకుని పైకి పాకాయి. కాల్చిన సాళ్ళలో ఆకు మొదట్లో మహా జోరుగా వచ్చింది. మల్లసాని మురిసిపోయింది. పాత తోట తీసేయించింది.

అంతలో వానలు పట్టుకున్నాయి. వాన నీటితో పాటు కుళ్ళుతెగులు పూలకోన చేరింది. ముందుగా కాల్చిన సాలులోకి దిగి, లోపల ఎవరైనా ఉన్నారేమోనని పిలిచింది. జవాబు లేదు. ఎరువు లేదు, పురుగు లేదు, పలికే ప్రాణి లేదు. తలుపు తీసి ఉన్న ఖాళీ ఇల్లు ఎవరికి చేదు? నేరుగా వెళ్ళి తీగల మొదళ్ళలో కాపురం పెట్టింది. ఒక సాలు తర్వాత ఒక సాలు నల్లబడింది.

అలా చివరి సాలు దాకా వచ్చింది. అక్కడ మాత్రం నేల నిండుగా ఉంది.

ఆ నిండుగా ఉన్నవాళ్ళే మన కథలో వాళ్ళు. చిటికెడు మట్టిలో ఊళ్ళకు ఊళ్ళు కాపురముండేటంత చిన్నవాళ్ళు. ఇప్పుడు బడిలో వాళ్ళను బ్యాక్టీరియా అని చెబుతారు. మనం మట్టివాళ్ళు అందాం. మట్టివాళ్ళలో చెడ్డవాళ్ళు లేకపోలేదు గానీ, వీళ్ళు తీగకు అయినవాళ్ళు. ఎండలో తను వండుకున్న తీపిలో కొంత వేళ్ళ చివరినుంచి తీగ వీళ్ళకోసం వదులుతుంది. అది తిని వీళ్ళు వేరునే అంటిపెట్టుకుని ఉంటారు. తిన్న ఇంటికి కాపలా కాస్తారు. ఎవరూ నేర్పకుండానే అంత మర్యాద వాళ్ళకు ఎలా అబ్బిందో, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

తెగులు వేరు దగ్గరకొచ్చి కాస్త చోటివ్వమని అడిగింది. మట్టివాళ్ళ పెద్ద చుట్టూ చూసింది. వేరు పొడవునా తనవాళ్ళు భుజానికి భుజం ఆనించి కూర్చుని ఉన్నారు.

"చోటు లేదు. తీపీ మిగల్లేదు," అంది.

తెగులు పక్కకు జరిగి, చోటు దొరికేదాకా ఒళ్ళు పెంచుకుందామనుకుంది. ఒళ్ళు పెరగాలంటే దానికీ పిసరంత ఇనుము కావాలి. మట్టిలో ఉన్న ఆ పిసరు కోసం తడిమి తడిమి చూసింది. ఎక్కడా చేతికి అందలేదు. మట్టివాళ్ళు ముందే ఏరి, తమదగ్గర భద్రంగా దాచుకున్నారు. అది అలాగే బక్కచిక్కిపోయింది.

దానికి ఒళ్ళు మండింది. "కిందనుంచి కాకపోతే పైనుంచి వస్తాను. మీరు ఆకు మీదికి ఎక్కలేరు కదా," అంది.

నిజమే, మట్టివాళ్ళు ఎక్కలేరు. వాన చినుకు నేలను కొట్టి చిందినప్పుడు తెగులు ఆ చిందుతో ఎగిరి ఆకు మీద వాలింది. కానీ మట్టివాళ్ళు రోజూ వేరును తడుతూ, తీగను మెలకువగా ఉంచుతూ వచ్చారు. వేరు విన్నమాట కాండానికి చెప్పింది, కాండం ఆకుకు చెప్పింది. ఆకు ముందే తోలు గట్టిచేసుకుని, చేదు రసం సిద్ధం చేసుకుని కూర్చుంది. తెగులు వాలిన చోటును చుట్టూ బిగించేసింది. ఆకుమీద నువ్వుగింజంత మచ్చ మిగిలింది, అంతే. మచ్చలోపలే తెగులు ఎండిపోయింది.

పైన మనుషులకు ఇదేమీ తెలియదు. వానలు వెలిసేసరికి మల్లసాని తోటలో సాళ్ళన్నీ పడిపోయి చివరి సాలు ఒక్కటే పచ్చగా నిలబడింది. అన్నిటికీ ఒకటే వైద్యం, బతికింది గుండయ్య చేతి సాలు. ఇంకేముంది, ఊరంతా గుండయ్య చుట్టూ చేరింది. ఏం చేశావని అడిగితే గుండయ్య నవ్వి ఊరుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ మెచ్చుకోని మనిషి, ఆ సంతోషం వదులుకోలేకపోయాడు. అతను అక్కడ నిద్రపోవడం చూశామని కొందరన్నారు. మర్నాటినుంచి పూలకోనలో మగాళ్ళందరూ తోటల్లో గుర్రుపెట్టారు. తీగలు మాత్రం చస్తూనే ఉన్నాయి.

సంగతి కోటదాకా వెళ్ళింది. రాజుగారి తాంబూలం చూసే అధికారి ప్రభాకరభట్టు పల్లకిలో వచ్చాడు. గుండయ్యకు పట్టుశాలువా కప్పి, ఇతని చేతిలో మంత్రముందని పొగిడాడు. చివరి సాలులో తీగలన్నీ కోయించి కోట తోటలో నాటిస్తామన్నాడు. అక్కడి నేల కూడా మల్లసాని చేసినట్టే మరిగే నీళ్ళు పోసి, కాల్చి ఉంచారట. గుండయ్య వచ్చి ఆ మంత్రమేదో వేస్తే సరిపోతుందట. మర్నాడు పొద్దున్నే కోత అని చెప్పి సత్రానికి వెళ్ళాడు.

మల్లసాని చివరి సాలు పక్కన చతికిలబడింది. గుండయ్య శాలువాతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇవి కోశాక ఇంకేం మిగలదు," అంది ఆమె. "మా అమ్మ ఇచ్చింది ఇంతే. ఊరికి ఏం చెప్పుకుంటావో చెప్పుకో. నువ్వేం చేశావో నాకు మాత్రం నిజం చెప్పు."

గుండయ్య తీగలకేసి చూశాడు. కాల్చిన నేలలో అవి వాలిపోవడం కళ్ళముందు మెదిలింది. శాలువా తీసి మడిచి గట్టుమీద పెట్టాడు.

"ఏమీ చెయ్యలేదే. ఎరువు తియ్యలేదు. నీళ్ళు నేనే పోసుకున్నాను. గడ్డి మీద పడుకుని, బూడిద చల్లి నీకు అబద్ధం చెప్పాను. ఈ సాలు మీ అమ్మ వదిలిపెట్టినట్టే ఉంది."

తిట్లు పడతాయని తల వంచుకున్నాడు. తిట్లు రాలేదు. మల్లసాని చివరి సాలులో చెయ్యి పెట్టి గుప్పెడు మట్టి తీసింది. మెత్తగా, చెమ్మగా ఉంది, తొలకరి వాసనేస్తోంది. తీగ తెల్లటి వేళ్ళకు మట్టి అంటుకుని వదలడం లేదు. రెండో చేత్తో పక్క సాలు మట్టి తీసింది. వాసన లేదు, చేతివేళ్ళ సందుల్లోంచి బూడిదలా జారిపోయింది.

"ఈ మట్టిలో ప్రాణముంది. మురికనుకుని కాపలావాళ్ళను చంపుకున్నాను," అంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

పొద్దున్నే ఇద్దరూ అధికారి ఎదుటికి వెళ్ళారు. ఊరంతా వింటుండగా గుండయ్య అంతా చెప్పేశాడు. ఊరు పగలబడి నవ్వింది. అధికారికి మాత్రం నవ్వు రాలేదు.

"నువ్వు చెయ్యకపోతే మరి ఎవరు చేశారు?" అన్నాడు.

"మేం చంపగా మిగిలినవాళ్ళు చేశారయ్యా. నేలలో ఉన్నారు, నాకూ కనబడలేదు. నేను మంత్రమని చెప్పి కోయిస్తే, కోటలో మీ తీగలు చస్తాయి, ఇక్కడ మావీ పోతాయి. మొత్తం కోయకండి."

అధికారి కోత ఆపించాడు. శాలువా మాత్రం తిరిగి పల్లకిలో పెట్టించాడు.

ఆ రోజునుంచి గుండయ్య నడుము వంగింది. కట్టెలు మొయ్యలేని మనిషి చివరి సాలు మట్టి తట్టలకెత్తి సాలుసాలుకూ మోశాడు. పాత ఎరువు వెనక్కి తెచ్చాడు. ఎండుటాకులు కప్పాడు. మల్లసాని కొన్ని తీగలే కోసి, ముక్కల మొదళ్ళు ఆ మట్టి బురదలో ముంచి నాటింది. ఇరుగుపొరుగుకు ఆ మట్టి తట్ట తట్ట ఇచ్చింది, కోటకు బండెడు పంపింది.

మళ్ళీ వానలొచ్చాయి. మల్లసాని పొద్దస్తమానం సాళ్ళలోనే తిరిగింది. ప్రతి మొదలూ వంగి చూసింది. తెగులు వచ్చింది. మొదటి సాలులో పిలిస్తే లోపలినుంచి జవాబొచ్చింది. మధ్య సాలులో పిలిస్తే జవాబొచ్చింది. చివరి సాలుదాకా పోయే ఓపిక లేక, వచ్చిన నీటితోనే ఏట్లోకి పోయింది. అక్కడక్కడ నువ్వుగింజంత మచ్చలు తప్ప తోటంతా పచ్చగా నిలిచింది. మల్లసాని ఆ వేళ కడుపునిండా అన్నం తింది.

రాజమాత వెన్నాకు వేసుకుని, ఇంత చక్కటి ఆకు పెంచినవాళ్ళకు తన మెప్పు చెప్పిరమ్మని అధికారిని పంపింది. అధికారి వచ్చేసరికి గుండయ్య ఎరువు తట్టతో సాలులో ఉన్నాడు. మెప్పు విని తట్ట దించి, వంగి నేలను అరచేత్తో తాకాడు.

"వీళ్ళకు చెప్పండయ్యా. మేం అన్నం పెడుతున్నాం, అంతే," అన్నాడు.

పిల్లలూ, మనకు మేలు చేసింది ఎవరో నిజాయితీగా ఒప్పుకున్నప్పుడే ఆ మేలు మన దగ్గర నిలుస్తుంది.