ఓడ కడుపులో మంత్రిగారు

ఒకానొక రాజ్యంలో, ప్లవ నామ సంవత్సరం ఆషాఢ బహుళ తదియ నాడు, అద్దకాల సింగన్ననూ అతని తోటి పనివాళ్ళు పదిమందినీ పెడరెక్కలు విరిచి కట్టి చెరసాలకు ఈడ్చుకుపోయారు. వాళ్ళు అద్దిన ఎర్రబట్ట ఉతికితే వెలిసిపోయిందట. అదీ నేరం.

ఆ రాజ్యం పేరు కెంజాయనాడు. ఇంటికో మగ్గం, వీధికో రంగుల బాన. అక్కడి ఎర్ర అద్దకం కోసం దీవుల వర్తకులు గవ్వలరేవులో ఓడలు కట్టేసి కాచుక్కూర్చునేవారు. బట్ట పోయేది, బంగారం వచ్చేది. బంగారంతోపాటు పటిక, రాగి, తగరం కూడా వచ్చేవి. ఎవరికీ ఏ లోటూ లేదు. లోటు లేకపోతే మంత్రులకు తోచదు కదా!

మంత్రి సోమయామాత్యుడు ఒకనాడు రాజు ఉద్దండదేవుడి చెవిలో ఊదాడు.

"ప్రభూ, బంగారం వస్తే లాభం, సరుకు వస్తే నష్టం. మన ఓడలు బట్టతో వెళ్ళాలి, ఒట్టి బంగారంతో తిరిగి రావాలి. పరదేశపు మన్ను చిటికెడైనా మన రేవులో దిగకూడదు."

రాజుకు ఆ మాట తేనెలా ఉంది. వెంటనే శాసనం వేయించాడు. ఖజానాలో బంగారం గుట్ట పడింది. రాజు రోజూ పొద్దున్నే వెళ్ళి దాన్ని చూసుకుని, మీసం దువ్వుకుని వచ్చేవాడు.

పటిక మాత్రం రాలేదు. పటిక నీళ్ళలో తడవని బట్టకు చిరువేరు అనే మొక్క వేళ్ళ నుంచి తీసే ఎరుపు నిలవదు. పట్టినట్టే పట్టి మొదటి ఉతుక్కే పారిపోతుంది. దీవుల వర్తకులు మూటలు వెనక్కి విసిరికొట్టారు. మంత్రి తన శాసనాన్ని తప్పుపడతాడా? అద్దకంవాళ్ళే దొంగలన్నాడు. జరిమానాలు పిండి చెరలో వేయించాడు. విజయదశమి నాడు వాళ్ళ బానలు పగలగొట్టి, ఆలుబిడ్డలతో సహా పొలిమేర దాటించాలని తీర్పు చెప్పించాడు.

పండగ దగ్గర పడింది. సింగన్న భార్య కోటమ్మ వెళ్ళి పోలాంబ గడపలో కూలబడింది. పోలాంబ మూడు ఓడల ఆసామి. మొగుడు పోయాక ఆయన ఓడలనూ, కొలువులో ఆయన పీటనూ తానే అందుకున్న మనిషి. ఆమె నోటికి జడిసి ఆ పీట జోలికి ఎవరూ పోలేదు.

"అమ్మా, ముప్పై ఏళ్ళ నుంచి బానలో నానిన చెయ్యి మా ఆయనది. ఆ చేతిని దొంగచెయ్యి అంటున్నారు."

"లేవే. ఏడిస్తే రంగు నిలుస్తుందా?" అంది పోలాంబ. "పో, పోయి పిల్లలకు ఇంత వండిపెట్టు. మీ బాన మీద ఎవడు చెయ్యి వేస్తాడో నేను చూస్తాను."

ఆమె నేరుగా కొలువుకు వెళ్ళింది.

"ఏలికా, బంగారం ఉడకేసి అందులో బట్ట ముంచితే ఎరుపు పడుతుందా?"

మంత్రి నవ్వాడు. "ఓడలకు తాళ్ళు పేనించుకునే ఆడదానికి రాజనీతి ఎందుకమ్మా?"

"నిజమే మంత్రిగారూ. నేను తాళ్ళే పేనిస్తాను. మాటలు పేనడానికి మీరున్నారుగా."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "పోలాంబా! నా శాసనం దైవవాక్కు. దాటమని నన్ను అడగకు."

"నేను అడగను ఏలికా. మీరే దాటుతారు."

రాజు సింహాసనం మీద నుంచి సగం లేచాడు. "నేనా? నా నోటితో నేనేనా?"

"రేపు మహర్నవమి. నా ఓడ పాత బాకీల బంగారం పెట్టెలతో వచ్చి రేవు బయట నిలిచి ఉంది. ఏలినవారు మంత్రిగారితో సహా అందులో ఎక్కి, మేళతాళాలతో రేవులోకి రండి. ఒడ్డు చేరేలోగా శాసనం దాటమని మీ నోటితో మీరే ఆజ్ఞ ఇవ్వకపోతే, నా మూడు ఓడలూ మీవి. ఇస్తే, ఆ పదకొండుమందీ ఇళ్ళకు పోవాలి."

మేళతాళాల మాట రాజుకు నచ్చింది. మూడు ఓడల మాట మంత్రికి నచ్చింది. ఇద్దరూ ఒక్కసారే "సరే" అన్నారు.

మర్నాడు ఓడ మీద నిలబడి పోలాంబ ఆకాశం వంక చూసింది. గాలి లేవకపోతే తన బతుకు గోవిందా. అది ఆమెకు తెలుసు. తెలిసే కొంగు బిగించింది. రాజు మాత్రం చుట్టూ తెప్పల మీద తిరుగుతున్న బెస్తవాళ్ళకు చెయ్యి ఊపుతూ మురిసిపోతున్నాడు.

తూర్పుగాలి లేచింది. తెరచాప ఎత్తారు. ఓడ ఇటు ఒరిగింది, అటు ఒరిగింది. రాజుగారి తలపాగా జారి ముక్కు మీదికి వచ్చింది. మంత్రి స్తంభాన్ని కావలించుకున్నాడు.

"పోలాంబా! ఏమిటీ ఊగడం?"

"బరువు లేదు ఏలికా. కడుపు నిండితేనే ఓడకు నిలకడ. మీ బంగారం దీని కడుపులో ఆవగింజంత."

"మరి ఇంత దూరం ఎలా వచ్చింది?"

"అడుగున రాళ్ళు నింపుకుని వచ్చింది. దీవుల రాళ్ళు! పరదేశపు మన్ను దిగకూడదన్నారు కదా, పొద్దున్నే సముద్రంలో పారబోయించాను. రాజాజ్ఞ!"

ఇంకో అల వచ్చింది. రాజు మోకాళ్ళ మీద పడ్డాడు. "ఏదో ఒకటి వెయ్యవే తల్లీ!"

"స్వదేశపు సరుకే వెయ్యాలంటే..." పోలాంబ మంత్రిని పైనుంచి కిందిదాకా చూసింది. "మంత్రిగారున్నారు."

"సోమయా, దిగు కిందికి!" అని రాజు అరిచాడు.

మంత్రి దిగాడు. ఓడ మాత్రం ఊగుతూనే ఉంది. అడుగు నుంచి మూలుగు వినిపించింది. "అమ్మా, కుడివైపు కూర్చోనా, ఎడమవైపా?"

"మధ్యలో కూర్చోండి మంత్రిగారూ, ఎటూ మొగ్గకుండా. మీకు అలవాటు లేదనుకోండి!"

ఈసారి ఓడ ఒరిగిన ఒరుగుకు రాజుగారి చెప్పు ఒకటి ఎగిరి నీళ్ళలో పడింది. పక్కనే వస్తున్న పడవ మీద రాజు కన్ను పడింది. "ఆ మూటలేమిటి?"

"పటిక. పక్క రాజ్యానికి పోతోంది. పరదేశపు సరుకు ఏలికా, ముట్టుకుంటే పాపం."

"ఆ పాపమేదో నాదే! ఎక్కించు! మూటలన్నీ ఎక్కించు! నా ఆజ్ఞ!"

"గాలికి సరిగా వినపడలేదు. మంత్రిగారూ, మీకేమైనా వినపడిందా?"

"వినపడింది తల్లీ, ఎక్కించు!" అని ఓడ కడుపు ఘోషించింది.

చాప దించారు, మూటలు చేరవేశారు. ఓడ పట్టపుటేనుగులా నిదానంగా నడిచి రేవు చేరింది. ఒడ్డున కాలు మోపాక రాజుకు రోషం వచ్చింది.

"నన్ను ముంచేద్దామనుకున్నావా?"

"చుట్టూ తెప్పలు చూడలేదా? అందరూ గజ ఈతగాళ్ళే ఏలికా."

"నా దర్శనానికి వచ్చారనుకున్నానే!"

"దర్శనం అయింది కదా. మీ చెప్పు దర్శనం కూడా అయింది."

అంతలో మంత్రి ఒళ్ళంతా పటికపొడితో, పిండిలో పొర్లిన పిల్లిలా పైకి వచ్చాడు. ఆ వాలకం చూసి రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

పోలాంబ నవ్వలేదు. "ఏలికా, ఓడకు తిరిగి వచ్చే దారి కూడా వ్యాపారమే. వట్టి కడుపుతో వస్తే రాళ్ళయినా మింగి రావాలి. ఆ రాళ్ళ చోట పటిక వస్తే రంగు నిలుస్తుంది. రంగు నిలిస్తే బట్ట పోతుంది. బట్ట పోతేనే మీరు పొద్దున్నే చూసుకునే ఆ గుట్ట."

రాజు శాసనం కొట్టేయించాడు. చెర తలుపులు తెరిపించి, గవ్వలరేవు పెత్తనం పోలాంబ చేతిలో పెట్టాడు. "ఇంకేమైనా అడుగు" అన్నాడు.

"వాళ్ళ దగ్గర పిండిన జరిమానా వాళ్ళకు ఇప్పించండి. నోటిమాట వద్దు, కరణం చేత రాయించండి."

రాజు మళ్ళీ నవ్వి రాయించాడు: ప్లవ నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ నవమి, అద్దకంవాళ్ళు పదకొండుమందికి మనిషికి నలభై వరహాల చొప్పున నాలుగువందల నలభై వరహాలు, మంత్రి సోమయామాత్యుడి జీతంలోంచి.