అర్థం అడిగిన మనిషి

"అర్థం అడిగినవాళ్ళకి అర్థం చెప్పాలి గానీ, వాళ్ళ ఇంటి సంగతులన్నీ మనకెందుకు మాస్టారూ?" అని నీలాద్రి ఒకనాడు కూర్మారావు గారిని అడిగాడు. ఎంతో కాలంగా మనసులో ఉన్న ప్రశ్నే అది. గట్టిగా అడగడానికి మాత్రం ఆ రోజే నోరు వచ్చింది.

అది విజయనగరంలో ఒక దినపత్రిక కార్యాలయం. కిళ్ళీకొట్ల ముందు కాయిన్ బాక్సు ఫోన్లు వేలాడుతుండే రోజులు. ఇంగ్లీషు మాటలకు, పలుకుబళ్ళకు తెలుగు అర్థాలు చెప్పే శీర్షిక ఒకటి ఆ పత్రికలో ఆదివారం ఆదివారం వచ్చేది. అందుకోసం రోజూ మధ్యాహ్నం ఒక గంటసేపు ఫోను పాఠకులకు వదిలిపెట్టేవారు. ఎవరైనా ఫోను చేసి మాట చెప్పవచ్చు, అర్థం అప్పటికప్పుడు వినవచ్చు. డెస్కులో తల నెరిసిన కూర్మారావు గారు పదవీ విరమణ తర్వాత కూడా ఈ ఒక్క పనికోసం వచ్చి కూర్చునేవారు. ఎం.ఏ. ఇంగ్లీషు పూర్తిచేసి చేరిన నీలాద్రి ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు.

కూర్మారావు గారికి ఒక అలవాటు ఉంది. మాట వినగానే అర్థం చెప్పరు. "ఎవరన్నారండీ ఈ మాట? మీతోనేనా?" అని మొదలుపెడతారు. ఆ వారమే కొత్తవలస నుంచి ఒక పెద్దమనిషి ఫోను చేసి, "విల్ లెట్ యూ నో" అంటే ఏమిటని అడిగాడు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు వెళ్తూ వెళ్తూ ఆ మాట అన్నారట.

"కాఫీ తాగి అన్నారా, తాగకుండా అన్నారా?" అన్నారు కూర్మారావు గారు.

"ముట్టుకోలేదండి. పొద్దున్నే తాగేశామన్నారు."

"అయితే ఇంకో సంబంధం చూసుకోండి బాబూ. అమ్మాయితో మాత్రం వాళ్ళ జాతకం కుదరలేదని చెప్పండి."

పక్క బల్ల దగ్గర నీలాద్రి నవ్వు ఆపుకున్నాడు. ఏ నిఘంటువులోనూ కాఫీ ప్రసక్తి లేదు. పైగా ఆ సంభాషణ సాగినంతసేపూ లైను దొరకక ఇంకెందరు విసుక్కున్నారో. అవతలివాడు రూపాయి బిళ్ళ వేసి మాట్లాడుతున్నాడు. ఆ బిళ్ళకు గిట్టేది అర్థం ఒక్కటే, ఆరాలు కావు. నీలాద్రి ప్రశ్న వెనక ఉన్న లెక్క ఇది. తప్పు లెక్క అని కూడా అనలేం.

కూర్మారావు గారు ప్రశ్న విన్నారు, వాదించలేదు. "ఎల్లుండి నాకు కంటి ఆపరేషను. కొన్నాళ్ళు ఇటు రాలేను. ఫోను నువ్వే చూడు. నీకు సరిగ్గా తోచినట్టే చెయ్యి" అన్నారు.

నీలాద్రి తనకు తోచినట్టే చేశాడు. బాగా చేశాడు కూడా. ఎత్తిన మరుక్షణం మాట అడిగేవాడు, తడుముకోకుండా అర్థం చెప్పేవాడు, పెట్టేసేవాడు. బడిపంతులు 'ఫర్ యువర్ కైండ్ ఇన్ఫర్మేషన్' అడిగాడు. మిక్సీ కొన్న ఇల్లాలు 'కండిషన్స్ అప్లై' అడిగింది. ఎవరికీ తప్పు చెప్పలేదు. లైను దొరకడం లేదన్న ఫిర్యాదులు ఆగిపోయాయి. న్యూస్ ఎడిటరు అటుగా పోతూ, "ఏమయ్యా, మాస్టారి గంటలో మూడు గంటల పని చేసేస్తున్నావే" అన్నాడు. నీలాద్రికి ఆ మాట తియ్యగానే ఉంది.

ఆ రోజుల్లోనే ఒక గొంతు ఫోను చేసింది. వెనకాల ఎవరో గట్టిగా పేర్లు పిలుస్తున్నారు.

"బాబూ, ప్రోగ్నోసిస్ అంటే ఏటండి?"

"జబ్బు ఇకముందు ఎలా నడుస్తుందన్న అంచనా."

"అంచనాయేనా అండి?"

"అంచనాయే."

ఒకటి రెండు రోజుల తర్వాత అదే గొంతు మళ్ళీ వచ్చింది. "కంఫర్టబుల్‌గా ఉంచుతాం అంటే ఏటండి బాబూ?"

"సుఖంగా, హాయిగా, బాధ లేకుండా ఉంచుతామని."

"అలాగేనాండి? బాగుందండి, బాగుందండి. దండాలు బాబూ." ఆ గొంతులో బరువు దిగినట్టయింది. నీలాద్రి అప్పటికే ఫోను పెట్టేశాడు.

మర్నాడు 'నెక్స్ట్ ఆఫ్ కిన్' అడిగాడు ఆ మనిషి. అతి దగ్గరి బంధువు అని చెప్పాడు నీలాద్రి.

"సెల్లెలైతే అవుద్దేటండి?"

"అవుతుంది."

"మాటల్లేకపోయినా అవుద్దాండి?"

నీలాద్రి ఒక్క క్షణం ఆగాడు. చట్టం ప్రకారం చూస్తే మాటలు ఉండడం, లేకపోవడం లెక్కలోకి రావు. "అవుతుంది" అన్నాడు. బిళ్ళ అయిపోతోందని అటువైపు ఫోను కూసింది. ఆ మనిషి ఇంకేదో అనబోయాడు. నీలాద్రి బల్ల మీద ఆదివారం పేజీ ఎదురుచూస్తోంది. అతను ఫోను పెట్టేశాడు.

కూర్మారావు గారు నల్లకళ్ళద్దాలతో మళ్ళీ ఆఫీసుకు వచ్చిన రోజున, మధ్యాహ్నం ఫోను గంట మొదలు కాకముందే ఒక మనిషి లోపలికి వచ్చాడు. గుండు చేయించుకున్న తల. చేతిలో కాగితం పొట్లం. అర్థాలు చెప్పే బాబు ఎవరని అందరినీ అడుగుతూ, చివరికి నీలాద్రి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పేరు తవిటినాయుడనీ, గజపతినగరం దగ్గర బట్టలు కుడతాననీ చెప్పాడు. గొంతు వినగానే నీలాద్రికి గుర్తొచ్చింది. కానీ ఏ గొంతో గుర్తొచ్చాక కూడా, ఆ గుండు ఎందుకో తోచడానికి అతనికి కొంచెంసేపు పట్టింది.

"మా యమ్మ పోనాదండి," అన్నాడు తవిటినాయుడు. "పెద్దాసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మీరు సానా సాయం సేసినారు. డాక్టరుబాబు మంచం కాడ నిలబడి తన పక్కనున్నోళ్ళకి ఇంగ్లీసులో సెప్పీసి ఎల్పోయేవోరు. నాను ఆ మాట పట్టుకుని కిందకొచ్చి మీకు ఫోన్ సేసేవోణ్ణి. ఇసుక్కోకుండా సెప్పినారు." పొట్లం బల్ల మీద పెట్టాడు. అందులో అరిసెలున్నాయి.

కూర్మారావు గారే కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "దగ్గర ఎవరున్నారు నాయనా, అమ్మ పోయినప్పుడు?"

"నానొక్కణ్ణేనండి. అమ్మ సెల్లి రాలేకపోనాది. బొబ్బిలిలో ఉంటాదండి మా పిన్నమ్మ. నా పెళ్ళిలో దానికి సీర పెట్టడం అమ్మ మర్సిపోనాదండి, కావాలని కాదు. దాంతో ఇద్దరికీ మాటలు పోనాయి. ఆసుపత్రిలో సేరిన కాణ్ణించీ ఒకటే అడుగుడు, సెల్లి వచ్చిందేట్రా, సెల్లి వచ్చిందేట్రా అని. ఫోన్ సేస్తే వచ్చే మనిసి కాదండి పిన్నమ్మ. ఎల్లి, కాళ్ళ మీద పడి తేవాల. అమ్మని ఒక్కర్తినీ ఒగ్గీసి ఎలా ఎల్తాను?" అతను అక్కడ ఆగి, నీలాద్రి వైపు తిరిగి, అతనేదో మంచి చేసినట్టే చూశాడు. "హాయిగా ఉంచుతామన్నారని ఈ బాబు సెప్పినారు కదండి. అయితే తొందర నేదులే, ఇంటికి తీసుకుపోయినాక, మెల్లిగా పిన్నమ్మని తీసుకొచ్చి కూకోబెడదాం అనుకున్నాను. రెండు రోజులకే పోనాది."

"పిన్నమ్మ వచ్చిందా?" అన్నారు కూర్మారావు గారు.

"వచ్చిందండి. కబురెల్లీసరికి కట్టుబట్టల్తో బస్సెక్కీసింది. దార్లో దిగి సీర కొందంటండి. అమ్మ మీద కప్పింది. ఏడవలేదు. 'నన్ను ముందు పిలవలేకపోనావేట్రా' అని ఒక్కమాటే అంది."

ఫోను మోగింది. ఎవరూ ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.

తవిటినాయుడు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "ఇంకొక్క మాటుండిపోనాదండి. అదీ అడిగి ఎల్దామనే వచ్చినాను. అమ్మ పోయినాక డాక్టరుబాబు వచ్చి నర్సమ్మతో 'ఎక్స్‌పెక్టెడ్' అన్నారండి. అంటే ఏటి?"

నీలాద్రికి ఆ మాట అర్థం తెలుసు. ముందే అనుకున్నది. జరుగుతుందని ముందునుంచే ఎదురుచూసినది. 'కంఫర్టబుల్‌గా ఉంచుతాం' అన్నప్పుడే డాక్టరు చెప్పింది, ఇక వైద్యం లేదు, పోయేదాకా బాధ తెలియకుండా చూస్తామని. మూడు రకాలుగా చెప్పగలడు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అది చెబితే ఈ మనిషి ఏ రోజుల్ని మళ్ళీ తవ్వుకుంటాడో, ఏ మధ్యాహ్నం కాయిన్ బాక్సు దగ్గర మళ్ళీ నిలబడతాడో అతనికి మొదటిసారి కనిపించింది. తల దించుకుని అరిసెల పొట్లం వైపు చూస్తూ ఉండిపోయాడు.

కూర్మారావు గారు ముందుకు వంగారు. "అంటే, ఎవరి చేతుల్లోనూ లేదని నాయనా. ఎవరు ఏం చేసినా ఆగేది కాదని."

"ఆగీది కాదాండి?"

"కాదు."

"ఆగదని నాకూ తెలుసునండి," అన్నాడు తవిటినాయుడు కాసేపటికి. "ఆపడానికి కాదు గానీ, ఇద్దరూ ఒకర్నొకరు సూసుకునీవోళ్ళు. అంతే." లేచాడు. ఇద్దరికీ దండం పెట్టాడు. అరిసెలు మెత్తబడిపోకముందే తినెయ్యమని చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఫోను మళ్ళీ మోగితే కూర్మారావు గారే అందుకుని, ఎవరికో, ఏదో మాటకు, నిదానంగా అడిగి అడిగి చెప్పారు. ఆయన పెట్టేశాక నీలాద్రి అన్నాడు: "మాస్టారూ, ఎక్స్‌పెక్టెడ్‌కి మీరు చెప్పింది అర్థం కాదు కదండీ."

"కాదు," అన్నారు కూర్మారావు గారు. నల్లకళ్ళద్దాలు తీసి, నీరు కారుతున్న కన్ను ఒత్తుకున్నారు. "దాని అర్థం అతనికి వాళ్ళమ్మ బతికుండగా కావలసింది."