చాలుగుట్ట మీద ఖాళీ గిన్నెల వడ్డన

ముష్టిగుండ్ల నుంచి వాగు దాటి మూడు మైళ్ళు నడిస్తే, నల్లరేగడి చేల నడుమ ఒంటరిగా నిలబడిన రాతిగుట్ట ఒకటి కనిపిస్తుంది. అదే చాలుగుట్ట. పైకి నూట పన్నెండు మెట్లు. మెట్ల చివర సున్నపు గోడల చిన్న గుడి, గుడిలో ఒక సిలువ, సిలువ కింద ఒక బండ. ఆ బండ మీద మనిషి కుడిచేయి పట్టేంత పల్లం ఉంది. చేయి ఆనించి చూసిన ప్రతివారూ అది తమ చేతికే సరిపోయిందని చెబుతారు. ఇంతకు మించి ఇక్కడ చూడవలసినది ఏమీ లేదు. బంగారు కిరీటాలు, వెండి రథాలు చూడాలనుకునే యాత్రికులు నిరాశపడక తప్పదు. అందుకు ఈ చిన్న పుస్తకం రాసిన గుడివారమైన మేము క్షమాపణ కోరడం లేదు.

గుట్ట పేరు గురించి ఒక మాట చెప్పాలి. వెనకటికి భూములు కొలవడానికి వచ్చిన ఉద్యోగి ఒకాయన, చుట్టూ దున్నిన పొలాలు చూసి, ఇది నాగటి చాలు అయి ఉంటుందని కాగితం మీద రాసుకుని పోయాడు. చదువుకున్నవారు నేటికీ అదే చెబుతున్నారు. రాతిగుట్ట మీద ఎవడు నాగలి కట్టాడయ్యా అని మా పెద్దలు మాత్రం అడుగుతూనే వచ్చారు. ఇది విస్తరి ముందు కూర్చున్న మనిషి చేయి అడ్డం పెట్టి అనే చాలు. ఆ మాటను ఈ గుట్ట మీద మొదట అన్నవాడికి, అంతకు ముందు నలభై ఏళ్ళపాటు ఆ మాటే తెలియదు.

పూర్వం ఇక్కడ, పాలెగాళ్ళ కాలంలో, బసివిరెడ్డి అనే రైతు ఉండేవాడు. ఏడు జతల ఎద్దుల సేద్యం అతనిది. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అంటారే, ఆ సామెత అతనికి సగమే తగులుతుంది. పనిలోనూ అతడు గట్టివాడే. పెళ్ళి పంక్తిలో అతడు వచ్చి కూర్చుంటే వడ్డించేవారి గుండెల్లో రాయి పడేది. ఆకు ఖాళీ కాగానే "మారు!" అని ఒక్క కేక పెట్టేవాడు. లోకంలో మారు అంటే రెండోసారి వడ్డన. బసివిరెడ్డికి అది ఎనిమిదోసారి కూడా కావచ్చు. ఊరందరూ అతణ్ణి మారు బసివిరెడ్డి అనే పిలిచేవారు.

ముష్టిగుండ్ల పాలెగాడు కంబగిరి నాయుడికి తిండి పందేల పిచ్చి. పొరుగు పాలెగాళ్ళు తమ తిండిపోతులను తీసుకువస్తే, బసివిరెడ్డిని వాళ్ళ మీదికి వదిలేవాడు. పుంజు గెలిస్తే పెంచినవాడు మీసం దువ్వినట్టు, బసివిరెడ్డి గెలిస్తే నాయుడు మీసం దువ్వేవాడు. ఈ గుట్ట చుట్టూ ఉన్న మాన్యం ఆ గెలుపులకు అతనికి ఇచ్చినదే.

అయితే పందెం గెలిచి వచ్చిన ప్రతిసారీ బసివిరెడ్డి ఇంటి అరుగు మీద దిగులుగా కూర్చునేవాడు. కడుపు పగిలిపోయేలా ఉండేది. లోపల ఎక్కడో ఒక గుంట మాత్రం అలాగే ఉండేది. అది తిండితో పూడలేదు, కల్లుతో పూడలేదు, కాలికి తొడిగిన వెండి కడియంతోనూ పూడలేదు. ఒకనాడు భార్య ఓబక్క విసిగిపోయి అడిగింది.

"ఇంగా ఏం కావల్ల మామా నీకి?"

"అది తెలిస్తే ఇంత తింటానా ఓబక్కా?" అన్నాడు బసివిరెడ్డి.

ఆ ఎండాకాలంలో చౌరయ్య అనే ఉపదేశి, క్రీస్తు మాట చెప్పుకుంటూ ఊరూరా తిరుగుతూ ముష్టిగుండ్లకు వచ్చాడు. పశువుల తొట్టి దగ్గర రాతి మీద నిలబడి, "మారుమనస్సు పొందండి!" అని గొంతెత్తి పిలిచాడు. ఆ రోజు గాలి జోరుగా ఉంది. మనస్సు గాలికి కొట్టుకుపోయింది. మారు మాత్రం వచ్చి బసివిరెడ్డి చెవిన పడింది. ఎవరో మహానుభావుడు మారు పొందమని ఊరినే పిలుస్తుంటే ఆగడమెట్లా? అతడు చంకలో విస్తరాకు, చేతిలో నీళ్ళచెంబు పట్టుకుని పరుగున వచ్చి, చౌరయ్య ముందు ఆకు పరుచుకుని కూర్చున్నాడు. ఊరు విరగబడి నవ్వింది.

చౌరయ్య నవ్వలేదు. అతని సంచిలో ఉన్నది ఒక్క జొన్న సంకటి ముద్ద. దాన్ని సగానికి విరిచి ఆకులో పెట్టాడు. బసివిరెడ్డి రెప్పపాటులో మింగి, అలవాటు చొప్పున "మారు!" అన్నాడు.

"మారు ల్యా రెడ్డా. నేను పిలిచింది మారుమనసుకి," అన్నాడు చౌరయ్య.

"అది తినేదా?"

"మార్చుకునేది. ఇన్నాళ్ళూ ఆకులు మార్చి మార్చి తింటివి గదా, ఆకలి తీరెనా?"

ఆ ప్రశ్నకు ఊరు మళ్ళీ నవ్వింది. బసివిరెడ్డి నవ్వలేకపోయాడు. చౌరయ్య అతని పక్కనే కూర్చుని, చనిపోయే ముందు తన వారిని పంక్తిలో కూర్చోబెట్టి తననే అన్నంగా వడ్డించిన యేసునాథుని సంగతి చెప్పాడు. మిగిలిన సగం ముద్ద తన కోసమే ఉంచుకున్నా, దాన్ని అతడు చివరిదాకా ముట్టలేదు. బసివిరెడ్డి ఆ సంగతి గమనించాడు.

మరునాటి మధ్యాహ్నం అతడు నిద్రలో ఒక కల కన్నాడు. అంతులేని పంక్తి ఒకటి సాగి ఉంది. వడ్డిస్తున్నాయన చేతుల్లో గాయాలు ఉన్నాయి. ఆయన బసివిరెడ్డి ఆకులో ఒక్క ముద్ద పెట్టాడు. కలలోనూ బుద్ధి మారలేదు, బసివిరెడ్డి "మారు!" అన్నాడు. ఆయన ముందుకు పోకుండా అక్కడే ఆగి, వంగి, "నేను చాలనా నీకు?" అని అడిగాడు. అడిగిన తీరులో కోపం లేదు. చాలా కాలంగా జవాబు కోసం ఎదురుచూస్తున్నవాడు అడిగినట్టు ఉంది.

బసివిరెడ్డి ఏడుస్తూ లేచాడు. ఓబక్క తెచ్చిన సంకటి తిన్నాడు. ఆకు ఖాళీ అయింది. ఓబక్క గరిటె పట్టుకుని కేక కోసం నిలబడింది, కేక రాలేదు. ఆ ఏడు చౌరయ్య దగ్గర ప్రార్థనలు, జపాలు నేర్చుకుని భార్యాభర్తలు జ్ఞానస్నానం పొందారు. అతనికి రాయప్ప అని పేరు పెట్టారు. ఊరు పాత పేరునే వాడింది గనుక మేమూ దాన్నే వాడుతున్నాం. బసివిరెడ్డికి తిండి మీద కోపం రాలేదని కూడా చెప్పాలి. సంకటికి అంత రుచి ఉందని అతనికి అప్పుడే తెలిసింది.

కోతలు అయ్యాక నాయుడు మళ్ళీ పందెం పెట్టాడు. ఏటి అవతలి పాలెగాడు తన తిండిపోతును తెచ్చాడు. చూడడానికి మూడు ఊళ్ళ జనం వచ్చారు. మొదటి ఆకు ముగిసింది. వడ్డించేవారు గంగాళాలు ఎత్తి సిద్ధంగా నిలబడ్డారు. బసివిరెడ్డి ఆకు మీద చేయి అడ్డం పెట్టి "చాలు" అన్నాడు.

"ఏమంటివిరా?" నాయుడు లేచి నిలబడ్డాడు.

"చాలంటి నాయుడా. నీ వంటలో లోపం ల్యా. నాకే నిండింది."

"ఎవడు నింపె?"

"యేసునాథుడు."

అవతలి పాలెగాడు పకపక నవ్వాడు. ఆ నవ్వు నాయుడికి తల కొట్టేసినట్టయింది. బసివిరెడ్డిని ఈ గుట్ట ఎక్కించమని ఆజ్ఞ ఇచ్చాడు. పూటపూటకూ విందు పైకి వెళుతుంది. మారు అని అడిగితేనే ఆకులో మెతుకు పడుతుంది. అడిగితే మనిషి దిగుతాడు, మాన్యం నిలుస్తుంది. అడగకపోతే మాన్యమూ పోతుంది, మనిషీ గుట్ట మీదనే ఎండిపోతాడు. మిగిలిన తిండిని లోయలో పారబోయాలి. మోసేవారు అందులో ఒక్క మెతుకు నోట పెట్టినా చేయి నరుకుతానని నాయుడు అన్నాడు. ఆ ఏడు వానలు సరిగా లేవు. మోసేవారి ఇళ్ళలో గంజికి కూడా కరువుగా ఉంది.

మొదటి రోజు బసివిరెడ్డి మూడు పూటలా చాలు అన్నాడు. నాయుడు గుట్ట కింద మంచం వేయించుకుని కూర్చుని, మూడుసార్లూ విన్నాడు.

రెండో రోజు గాలి తిరిగింది. కాగిన నెయ్యి వాసన, బెల్లపు పాకం వాసన నేరుగా వచ్చి ముఖాన కొట్టాయి. నలభై ఏళ్ళ అలవాటు ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చింది. కళ్ళు మూతలు పడ్డాయి. "మా..." అన్నాడు. మోసేవారు గరిటెలు ఎత్తారు. కింద నాయుడు మంచం మీద నుంచి లేచాడు.

"మా తండ్రీ!" అన్నాడు బసివిరెడ్డి. అని, ఆకు మీద చేయి పెట్టి ఆ పూట గడిపాడు.

మూడో రోజు మధ్యాహ్నం మోసేవారి పెద్ద పుల్లన్న గిన్నెలతో వచ్చి బసివిరెడ్డి ముందు మోకరించాడు. గిన్నెల మీద మూతలు ఉన్నాయి. పుల్లన్న పెదవికి నెయ్యి అంటుకుని ఉంది.

"రెడ్డా, గిన్నెల్లో ఏమీ ల్యా," అన్నాడు గుసగుసగా. "ఆ రాతిగుండు చాటున మేమే తినేస్తిమి. మూడు దినాల్నుంచి కళ్ళ ముందర పారబోస్తా ఉంటే తట్టుకోల్యాకపోతిమి. ఇప్పుడు నువ్వు మారంటే మా చేతులు పోతాయి."

బసివిరెడ్డి మూతల వైపు చూశాడు, పుల్లన్న పెదవి వైపు చూశాడు. "వడ్డించప్పా," అన్నాడు.

పుల్లన్న ఖాళీ గరిటె వంచాడు. బసివిరెడ్డి చేయి అడ్డం పెట్టి "చాలు!" అన్నాడు. రెండో గిన్నె వచ్చింది. "చాలు!" మూడో గిన్నె వచ్చింది. ఆ మూడో చాలు గుట్టంతా మారుమోగింది. ఆకలి అతని పేగులను మెలిపెడుతూనే ఉంది. అయినా నలభై ఏళ్ళుగా పూడని ఆ గుంట ఎక్కడుందోనని లోపల వెతుక్కుంటే, అది దొరకలేదు. అతనికి పెద్దగా నవ్వు వచ్చింది.

ఆ నవ్వు విని నాయుడు కత్తి తీసుకుని గుట్ట ఎక్కాడు. మూతలు ఎత్తి చూశాడు. "ఎవడు తినె?" అని గర్జించాడు. మోసేవారు చేతులు చంకల్లో దాచుకున్నారు. బసివిరెడ్డి లేచి, తన కుడిచేతిని బండ మీద పెట్టాడు.

"చెయ్యి కావల్లంటే ఇదో, నాది తీసుకో. ఈ విందు నా పేరున పంపితివి. నాది నేను వాళ్ళకి పెడితి. తినింది వాళ్ళు, నిండింది నాకు."

నాయుడు కత్తి ఎత్తాడు. ఎత్తిన కత్తి అలాగే ఉండిపోయింది. మూడు రోజులుగా ఆ పట్టుదలతో నాయుడికీ ముద్ద దిగలేదు. అతడు, ఎవరికీ వినబడకూడదన్నట్టు, "నిజంగా నిండిందా?" అని అడిగాడు.

"నిండింది నాయుడా. నీకూ నిండుతుంది, అడిగితే."

నాయుడు కత్తి దించి గుట్ట దిగిపోయాడు. తరువాత అతడు క్రైస్తవుడయ్యాడని కొందరు చెబుతారు. మా పెద్దలు చెప్పలేదు గనుక మేము రాయము. పుల్లన్న చేయి, అతని తోటివారి చేతులు మాత్రం దక్కాయి. మాన్యం తిరిగి ఇవ్వలేదు, బసివిరెడ్డి అడగలేదు. గుట్ట కింద ఓబక్క సంకటితో కాచుకుని ఉంది. సగం తిన్నాక, "మారు వెయ్యనా మామా?" అని ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో అడిగింది. అతడు ఏమన్నాడో చెప్పనక్కరలేదు. చేయి ఆన్చిన బండ మీద పల్లం ఆనాడే పడిందని పెద్దల మాట.

నేటికీ క్రీస్తు తిరిగి లేచిన పాస్కా పండుగ తరువాతి గురువారం ఈ గుట్ట మీద పంక్తి వేస్తారు. కలవాడికీ లేనివాడికీ ఒకే చాప, ఒకే సగం ముద్ద. ఆపైన వడ్డించేవారు ఖాళీ గిన్నెలతో వచ్చి కవ్విస్తారు. "నెయ్యి, నెయ్యి! బూరెలు!" అంటారు. మనిషిని బట్టి "రెండో అంతస్తు! కొత్త కారు! పై పదవి!" అని కూడా అంటారు. యాత్రికులు చేయి అడ్డం పెట్టి మూడుసార్లు చాలు అనాలి. మొదటిసారి అందరూ నవ్వుతూనే అంటారు. మూడోసారి కొందరు, దేనికి చాలు అంటున్నారో దాని పేరు కూడా చెబుతారు. తాగుడుకు చాలు చెప్పి దిగినవారు, పగకు చాలు చెప్పి దిగినవారు మా విచారణలో, అంటే ఈ గుడి కింది ఊళ్ళలో, ఉన్నారు. పన్నెండు రకాల భోజనం పెట్టిస్తాం, గోడ మీద మా పేరు చెక్కించండి అని ధనవంతులు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ మేము చేయి అడ్డం పెట్టాం.

చివరగా వచ్చే వడ్డనవాడి చేతిలో గిన్నె ఉండదు. అతడు రెండు అరచేతులూ చాపి ఒక్కొక్కరి ముందు వంగి, ఆ నాటి కలలోని ప్రశ్ననే అడుగుతాడు: "నేను చాలనా నీకు?" దానికి జవాబు ఈ పుస్తకంలో అచ్చు వేయలేదు. బండ మీద చేయి పెట్టి మీరే చెప్పాలి.