ఉప్పు అమ్మేవాడి అర్జీ

ఒకానొక రాజ్యంలో ప్రతాపకేతుడనే రాజు తన విద్యాపీఠానికి పరదేశం నుంచి ఒక కంప్యూటరు తెప్పించాడు. వ్యాపారం పెట్టాలనుకునే విద్యార్థులు తమ ఆలోచన అర్జీగా రాసి దాని ముందు పెడితే, అది రెప్పపాటులో నూటికి ఇన్ని అని మార్కులు వేసేది.

"మనిషి పొరపాటు పడతాడు. ఇది పడదు" అని రాజు మీసం దువ్వాడు. ముప్పై మార్కులు రానివాళ్లు ఆ సాయంత్రమే విద్యాపీఠం వదిలిపోవాలని శాసనం చేశాడు.

మూడు వారాల్లో సగం గదులు ఖాళీ అయ్యాయి. మిగిలినవాళ్లు తమ ఆలోచన పక్కవాడికి చెప్పడం కూడా మానేశారు. యంత్రానికి ఏ మాటలు నచ్చుతాయో కనిపెట్టి అవే రాయసాగారు.

అక్కడ వాణిజ్యం బోధించేది మందారవల్లి. ఒకరోజు ఆమె శిష్యురాలు పైడమ్మ ఏడుస్తూ వచ్చింది. వేరుశెనగ ఆకును ఫొటో తీస్తే తెగులేమిటో చెప్పే యాప్ తయారుచేసిన పిల్ల అది.

"పదకొండు వచ్చాయమ్మా! మా ఊళ్లో రైతులంతా వాడుతున్నారని రాశాను. ఊరు చిన్నది, లెక్కలోకి రాదంది యంత్రం."

శాసనాన్ని తప్పుపట్టిన తర్కాచార్యుడు అప్పటికే చెరసాలలో ఉన్నాడు. అయినా మందారవల్లి ఒక అర్జీ రాయడానికి కూర్చుంది. రెండుసార్లు కాగితం మార్చింది.

మర్నాడు పొద్దున్నే కొలువుకు వెళ్లి, "ప్రభూ, ఈ ఒక్క అర్జీ మీ సమక్షంలో యంత్రంతో చదివించండి. అర్జీదారు పేరు తరవాత మనవి చేస్తాను" అంది.

రాజు సరేనన్నాడు. యంత్రాన్ని కొలువుకు మోసుకొచ్చారు. అది గొంతెత్తి చదివింది.

"వయసు పంతొమ్మిది. చదువు లేదు. రెండు ఎడ్లున్నాయి. దారిలేని కొండల్లోని గూడేలకు ఉప్పు మోసుకెళ్లి, నమ్మకం మీద ఇచ్చి రావడం. నలుగురూ కలిసే చోట సంత పెట్టడం. మార్కులు నాలుగు. తిరస్కరించడమైనది."

రాజు విరగబడి నవ్వాడు. "నాలుగే ఎక్కువ! దారిలేని కొండల్లో సంతట! ఎవడా మూర్ఖుడు? ఇవాళే రాజ్యం దాటించండి!"

"దాటించడం కష్టం ప్రభూ" అంది మందారవల్లి. "వారు మీ వెనక గోడమీద ఉన్నారు."

అందరూ అటు చూశారు. అక్కడున్నది రాజవంశ మూలపురుషుడి చిత్తరువు.

"ఆయన పెట్టిన సంతే ఈ నగరం. మీ వంశచరిత్ర మొదటి పుటలో ఉన్నదే రాశాను."

ఒక భటుడి చేయి కత్తిపిడి మీదికి పోయింది. మందారవల్లి కళ్లు మూసుకుంది.

"నీకు భయం వేయలేదా?" అన్నాడు రాజు మెల్లగా.

"వేసింది ప్రభూ. ఇంకా తగ్గలేదు. విద్యాపీఠంలో పిల్లలందరికీ మూడు వారాలుగా ఇదే భయం. మీకూ కాస్త పంచిపెడదామని వచ్చాను."

రాజు మీసం అదిరింది. పెదవి అదిరింది. మరుక్షణం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు.

"ఈ యంత్రం ఆనాడే ఉంటే, నేనీపాటికి ఏ కొండ మీద ఉప్పు మోస్తుండేవాణ్నో!"

శాసనం రద్దయింది. తర్కాచార్యుడు విడుదలయ్యాడు. వెళ్లిపోయినవారందరికీ కబురు వెళ్లింది. ఇకమీదట యంత్రం తన అభిప్రాయం చెప్పవచ్చు. కానీ విద్యార్థిని ఎదుట కూర్చోబెట్టుకుని విన్నాకే ఆచార్యులు తీర్పు చెప్పాలి. ఆ ఆచార్యులకు మందారవల్లే పెద్ద.

రాజు తన పట్టుశాలువా తీసి ఆమెను దగ్గరికి రమ్మన్నాడు. ఆమె అడుగు వేయబోయి, మెట్టు మీదే కూలబడింది. రాజే నవ్వుతూ దిగివచ్చి శాలువా కప్పాడు.

బయట ఎండ మండిపోతోంది. అయినా ఇంకా భయం తీరని మందారవల్లి ఆ శాలువాను రెండు చేతులా దగ్గరికి లాక్కుంది.