నత్త వదిలిన చోటు

మా మాణిక్యాంబ మేడంగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆవిడ దగ్గర పరిశోధన చేసేవాళ్ళు మొదట్లో విసుక్కుంటారు, తరవాత అలవాటు పడతారు. విశాఖపట్నంలో ఆవిడ ప్రయోగశాలలో రాళ్ళకి ఎక్స్-రే తీసే యంత్రం నేనే చూసుకునేవాణ్ణి కనక ఇవన్నీ దగ్గరుండి చూశాను. నాకైతే ఇప్పటికీ విసుగే. సూటిగా ఒక మాట చెబితే ఆవిడ సొమ్మేం పోయింది?

ఆ ఏడు సూరిబాబు ఆవిడ శిష్యుడు. ముప్పై దాటిన మనిషి. భార్య నూకరత్నం విషజ్వరంతో పోయి ఏడాది తిరిగింది. ఇంట్లో తల్లి, ఆరేళ్ళ కూతురు మంగ. అతను ఏడవడం మేమెవరం చూడలేదు. "గట్టి మనిషిరా బాబూ" అనుకునేవాళ్ళం. అసలు సంగతేమిటంటే, ఇంట్లో నూకరత్నం పేరు ఎవరూ ఎత్తకూడదని కట్టడి చేశాడు. గోడ మీది ఫోటో బీరువాలోకి వెళ్ళిపోయింది. పాప అడగబోతే నానమ్మే మాట మార్చేసేది.

ఒకరోజు పొద్దున్నే కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చాడు. రాత్రి మంగ, "నాన్నా, అమ్మ నవ్వితే ఎలా ఉండేది? నాకు గుర్తు రావట్లేదు" అందట. ఇతను కసిరాడట. పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది, ఇతనికి మాత్రం నిద్ర లేదు. మేడంగారి బల్ల ముందు నిలబడి అడిగాడు.

"మేడంగారూ, పోయినోళ్ళ చోటు ఎన్నాళ్ళకి పూడుద్దండీ?"

ఆవిడ తలెత్తి అతన్ని చూశారు. సొరుగులోంచి వేలెడంత రాయి తీసి చేతిలో పెట్టారు. "దీనికి ఎక్స్-రే తీసుకురా" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి అంత బాధపడి అడుగుతుంటే చేతిలో రాయి పెడతారా!

అది రాజమండ్రి దగ్గర దొరికిన సున్నపురాయి. కోట్ల ఏళ్ళ కిందట అదంతా సముద్రపు బురద. గ్యాసు పంపి కొలిస్తే ఆ రాయిలో ఖాళీ లేదనే తేలింది. తూకం వేస్తే మాత్రం ఉండాల్సినంత బరువు లేదు. బయటికి దారిలేని ఖాళీ గ్యాసుకి అందదు, ఎక్స్-రేకి అందుతుంది. రాయిని చిన్న పీట మీద నిలబెట్టి, మెల్లగా తిప్పుతూ అన్ని వైపుల నుంచీ దాని నీడలు పట్టాం. కంప్యూటరు ఆ నీడల్ని కలిపి రాయి లోపలిని పొరలు పొరలుగా చూపిస్తుంది. రాయి ఉన్నచోట తెలుపు, ఖాళీ ఉన్నచోట నలుపు.

బొమ్మల్లో నల్లమచ్చలు చాలా వచ్చాయి. వాటిలో కొన్ని యంత్రం వల్ల పడే మరకలు. వాటిని తుడవడానికి ఒక కమాండు ఉంది. చుట్టూ రాయి ఉన్న ప్రతి నలుపునీ అది తెలుపు చేసేస్తుంది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడాల్సిన వస్తువు. సూరిబాబు ఏ ఆలోచనలో ఉన్నాడో, రాయి మొత్తానికీ నొక్కేశాడు. నున్నటి తెల్లరాయి తయారైంది. అదే పట్టుకెళ్ళి చూపించాడు.

"ఏవయ్యా, ఇది రాయా, సబ్బుబిళ్ళా?" అన్నారు మేడంగారు. "లోపల ఏముందో చూడకుండానే పూడ్చేశావే! మళ్ళీ మొదట్నుంచీ చెయ్యి. ఒక్క నలుపూ ముట్టుకోకు."

మళ్ళీ చేశాడు. ఈసారి పొర తరవాత పొర దాటుతుంటే రాయి నడుమ ఒక నల్లటి మెలిక కనిపించింది. పొరలన్నీ కలిపేసరికి అది నత్తగుల్ల. చుట్టూ బురద గట్టిపడి రాయయింది, ఆ తరవాత ఎప్పుడో నీళ్ళు ఊరి గుల్ల కరిగిపోయింది, నీళ్ళు వచ్చిన దారీ మూసుకుపోయింది. గుల్ల లేదు. గుల్ల ఉన్న చోటు మాత్రం, దాని ఒంటి మీది సన్నటి గీతలతో సహా, అలాగే ఉంది.

మేడంగారు ఆ గోరంత ఖాళీని పెద్దది చేసి త్రీడీ ప్రింటరుకి ఇమ్మన్నారు. మర్నాటి సాయంత్రానికి తెల్లటి ప్లాస్టిక్ గుల్ల బయటికొచ్చింది. సూరిబాబు దాన్ని అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో గీతలు తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి, వరండాలోకెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, పాపకియ్యి... మంగా, మొన్న రాత్రి అడిగావు కదమ్మా. మీ అమ్మకి నవ్వొస్తే ముందు ముక్కు ముడుచుకునేది. ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకునేది. అయినా ఆగేది కాదు, కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. ఆఁ, ముక్కే. నీలాగే."

ఫోన్ పెట్టేసి, గోడకి ఆనుకుని, ఏడాదిగా ఏడవనిదంతా ఏడ్చాడు. నూకరత్నం కావాలని, ఒక్కసారి కనిపించి వెళ్ళిపోయినా చాలని పైకే అన్నాడు. నా కళ్ళూ ఆగలేదు, చెప్పడానికి సిగ్గేముంది.

మొహం కడుక్కుని వచ్చి, గుల్లని మేడంగారి బల్ల మీద పెట్టబోయాడు. ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపి, "పాపకి పట్టుకెళ్ళు" అన్నారు.

అతను గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "అయితే ఇక పూడదంటారా మేడంగారూ?"

ఆవిడ సున్నపురాయిని తుడిచి మళ్ళీ సొరుగులో పెడుతున్నారు.

"కోట్ల ఏళ్ళయింది, ఈ రాయికే ఇంకా తొందర లేదు. నీకేం తొందరయ్యా?"